బాలమ్మ కడిగిన స్లైడ్లు

మొదటి రోజే దేవిశ్రీకి కోపం తెప్పించాను. కావాలని కాదు. ఆ పిల్ల ఎంతో మర్యాదగా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, గోడంత తెర మీద వాళ్ల మిషన్ తీసిన బొమ్మ చూపించి, "వందలో తొంభై ఒకటి మొలిచాయండి ఆంటీ" అంది. నేను కళ్లజోడు సర్దుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకి చూసి, "డెబ్భై నాలుగమ్మా" అన్నాను.

"మిషన్ లెక్కపెట్టిందండి అది."

"మీ మిషన్‌కి ముక్కుకీ తోకకీ తేడా తెలియదు మరి."

ఆ గదిలో ఉన్న నలుగురు పిల్లలూ నోరెళ్లబెట్టి చూశారు. హైటెక్ సిటీలో ఏడో అంతస్తు, నాలుగు వైపులా అద్దాలు, స్వెటర్ వేసుకుంటే తప్ప కూర్చోలేని ఏసీ. మా అమ్మాయి జాయ్స్ పనిచేసే బిల్డింగే అది. లిఫ్టులో మాటల్లో మాటగా, "మా అమ్మ ముప్పై ఏళ్లు మైక్రోస్కోపులో స్పోర్లు లెక్కపెట్టింది" అని జాయ్స్ నోరు జారితే, ఆ అంతస్తులో పంటల మందుల మీద పనిచేసే దేవిశ్రీ మర్నాడే నాకు ఫోన్ చేసింది. వాళ్ల మిషన్ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసే మనిషి కావాలట. రిటైరై నాలుగేళ్లుగా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని, రెండోసారి పిలిపించుకోలేదు.

ముక్కు, తోక అంటే నవ్వకండి, చెబుతాను. వరికి అగ్గితెగులు అని ఒకటుంది. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు పడతాయి. ముదిరితే దూరం నుంచి చూసేవాళ్లకి పొలం తగలబడినట్టు కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. దాన్ని తెచ్చేది ఒక బూజు. ఆ బూజుకి విత్తనాల్లాంటివే స్పోర్లు. ఆకు మీద మంచుబొట్టు దొరికితే చాలు, కొన్ని గంటల్లో మొలకెత్తి ఆకులోకి దిగిపోతాయి. ఏ మందు వాటిని మొలవనివ్వదో తేల్చాలంటే, ముందు గాజు స్లైడు మీద ఆ మందు ఒక చుక్క వేసి, అందులో స్పోర్లు కలిపి, ఏడెనిమిది గంటలాగి మైక్రోస్కోపులో లెక్కపెట్టాలి. పక్కనే మందు లేని ఉత్తనీళ్ల చుక్క కూడా పెట్టాలి. ఉత్తనీళ్లలో వందకి తొంభై దాకా మొలవాలి. అక్కడే మొలవకపోతే ఆ రోజు లెక్కంతా దండగ.

మొలిచిందని ఎప్పుడు అనాలి? దానికి మా పార్థసారథి సారు పెట్టిన రూలు ఉంది. స్పోరులోంచి బయటికొచ్చిన మొలక, స్పోరు వెడల్పుకన్నా పొడుగుంటే అది తోక, లెక్కలోకి వస్తుంది. అంతకన్నా పొట్టిగా కాస్త ఉబ్బినట్టు ఉంటే అది ముక్కు, లెక్కలోకి రాదు. "ముక్కులన్నీ మొలకలు కావు సుగుణా" అనేవారు. పుస్తకాల్లో ఈ మాటలుండవు. మా ల్యాబ్‌లో పుట్టి మా ల్యాబ్‌లోనే ఉండిపోయిన మాటలు. ఇప్పుడు వాటిని మళ్లీ పైకి అంటుంటే, పుట్టింటి వాళ్లెవరో గుమ్మంలోకి వచ్చినంత సంతోషం వేసింది.

దేవిశ్రీ కోపం రెండు రోజుల్లో పోయింది. కాకినాడ పిల్ల, ముప్పై రెండేళ్లుంటాయి, ముక్కు మీద కోపమే గానీ మనసు మంచిది. మూడో రోజుకల్లా ఆ పిల్లలంతా "ఆంటీ, ఇది ముక్కా తోకా?" అని నా చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. వారానికి మూడు రోజులు వెళ్లేదాన్ని. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగడం, మెడలో ఆ తాడు వేసుకోవడం, కార్డు పెడితే గాని తెరుచుకోని తలుపులను తిట్టుకోవడం. అన్నీ బాగున్నాయి గానీ అక్కడ ఒక్క వాసన లేదు. నాకు ల్యాబ్ అంటే వాసన. ఓట్స్, అగరు కలిపి బూజుకి మేత ఉడికిస్తుంటే వచ్చే గంజి వాసన, స్పిరిట్ దీపం వాసన, ఓవెన్‌లో దూది కాస్త మాడిన వాసన. మధ్యాహ్నం పన్నెండున్నరకి వీటన్నిటి మీదా బాలమ్మ విప్పిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం వాసన.

మా ల్యాబ్ లింగంపల్లి దాటాక ఉండేది. అప్పట్లో అటువైపు జామతోటలు, ద్రాక్షతోటలు. కొండాపూర్ బండల మీద మేకలు ఎక్కి నిలబడేవి. నేను బాపట్ల దగ్గర నుంచి పెళ్లయి వచ్చి, తొంభై ఒకటిలో టెంపరరీగా చేరాను. పార్థసారథి గారు నెల్లూరు మనిషి. పని బాగా సాగుతుంటే కూనిరాగం, సాగకపోతే మౌనం. సారు పోయి కూడా ఎనిమిదేళ్లవుతోంది. బాలమ్మ బోరబండ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. గాజు సామానంతా కడిగే పని ఆమెది. స్లైడ్లు, పెట్రీ ప్లేట్లు, పిపెట్లు. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద. బతుకమ్మ పాటలు పాడుతూ కడిగేది. పాట ఆగిందంటే ఏదో పగిలిందని అర్థం.

ముప్పై ఏళ్ల నాటి స్లైడు లెక్కలు కూడా నాకు గుర్తున్నాయని చెబితే జాయ్స్ నమ్మదు. తొంభై మూడు జూలైలో మైలుతుత్తం మొదటి మోతాదుకి వందకి పదకొండు. నిజం. నా జ్ఞాపకశక్తి మీద నాకు కొంచెం పొగరు కూడా ఉంది.

రెండో నెలలో ఒక మంగళవారం దేవిశ్రీ కొత్త సీసా తీసుకొచ్చింది. పైన పేరు లేదు, కె-3 అని ఒక గుర్తు మాత్రం ఉంది. "ఇది కొత్త మందండి ఆంటీ. స్లైడు మీద చాలా బాగా పనిచేస్తోంది. మీరు ఒకసారి చేత్తో లెక్కపెడతారా?" అంది. పేరు అడగలేదు. కంపెనీల రహస్యాలు నాకెందుకు? పిపెట్‌తో ఒక చుక్క తీసి స్లైడు మీద వదిలాను.

చుక్క నిలబడలేదు. మామూలుగా శుభ్రమైన గాజు మీద చుక్క కందిగింజలా గుండ్రంగా నిలుస్తుంది. ఇది పడగానే నీరసంగా నాలుగు వైపులకీ పాకింది. ఆ పాకడం నేను ముందెప్పుడో చూశాను. ఎక్కడ చూశానో కూడా వెంటనే గుర్తొచ్చింది.

"అమ్మాయ్, ఇది కుంకుడు రసం కదూ?" అన్నాను.

దేవిశ్రీ మొహం పాలిపోయింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఎవరు చెప్పారండి మీకు?"

"ఎవరూ చెప్పలేదు. చుక్కే చెప్పింది."

అప్పుడు ఆ కథ చెప్పాను. అది నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్న కథే. చర్చి స్త్రీల సమాజంలో, జాయ్స్ పెళ్లిలో, రిటైర్మెంట్ రోజున, ఎక్కడ చెప్పినా జనం పొట్టపట్టుకుని నవ్వేవాళ్లు. తొంభై నాలుగు ఏప్రిల్. పార్థసారథి గారు వావిలాకు కషాయం పరీక్షిస్తున్నారు. ఉత్తనీళ్లలో తొంభై రెండు మొలిస్తే, కషాయంలో ఐదు. సారు ఆనందం పట్టలేకపోయారు. రెండు రోజులు ఆగకుండా కూనిరాగం. ఢిల్లీలో పెద్ద సభ ఉంటే అక్కడ నిలబడి చెప్పేశారు కూడా. తిరిగొచ్చి మళ్లీ చేయిస్తే, కషాయంలో ఏమీ మొలవలేదు. ఉత్తనీళ్లలోనూ ఏమీ మొలవలేదు. మళ్లీ చేశాం, అంతే. పన్నెండు రోజులు ఉత్తనీళ్లలో ఒక్క తోక లేదు. నీళ్లు మార్చాం, బూజు మార్చాం, మైక్రోస్కోపులో బాగానే ఉన్న బల్బు కూడా మార్చాం. సారు కూనిరాగం ఆగిపోయింది. లెక్కపెట్టేది నేను కాబట్టి అందరూ నా వైపే చూస్తున్నారు. నా ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం సారు బల్ల మీదే ఉంది. నాకు ఆరో నెల. స్టోర్‌రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చేదాన్ని.

పదమూడో రోజు చుక్క నిలబడకుండా పాకుతోందని గమనించాను. పాత డ్రాయర్‌లోని స్లైడు తీసి దాని మీద వేస్తే నిలబడింది. తప్పు చుక్కలో లేదు, స్లైడులో ఉందని తెలిసిపోయింది. పరుగున కడిగే గదికి వెళితే బాలమ్మ బకెట్ నిండా కుంకుడు నురగ. ఎండాకాలం, కుళాయి గంటసేపే వచ్చేది, ఒక్కసారి ముంచి తీసేసరికి ఆ రసం గాజుకి అంటిపెట్టుకునే ఉండిపోయేది. సారు పరీక్షలో కషాయం వేసినవన్నీ కొత్తగా కడిగిన స్లైడ్లు, ఉత్తనీళ్లవి పాత డ్రాయర్‌వి. వావిలాకు చేసిందేమీ లేదు. స్పోర్లకి తలంటు పోసి చంపింది బాలమ్మ.

ఇక్కడే జనం నవ్వేవాళ్లు. దేవిశ్రీ కూడా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, "తర్వాత ఆవిడ ఏమయ్యారండి?" అంది.

ముప్పై ఏళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. నేను పిపెట్ కింద పెట్టాను.

"మర్నాటి నుంచి రావొద్దన్నారమ్మా."

బకెట్ ఎత్తుకుని సారు గదిలోకి వెళ్లింది నేనే. "దొరికింది సార్" అని గెలిచినదానిలా అరిచాను. ఢిల్లీలో పరువు పోయిన మనిషి, ఆయన కోపమంతా బాలమ్మ మీద విరుచుకుపడింది. ఆమె డైలీ వేజెస్ మనిషి, మాట చాలు, కాగితం అక్కర్లేదు. నా వెనకే వచ్చిన బాలమ్మ తలొంచుకుని నిలబడింది, ఎందుకు చేశావంటే పలకలేదు. నేను పక్కనే నిలబడి ఒక్క మాట అనలేదు. "పోనీలెండి సార్, తెలియక చేసింది" అని ఉంటే ఏమయ్యేది? అనలేదు. పైనెలలో నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. కథలో ఈ ముక్క నేను ఎప్పుడూ చెప్పలేదు.

దేవిశ్రీ మాత్రం వేరే లోకంలో ఉంది. "ఆంటీ, మేం రెండేళ్లుగా చేస్తున్నదాన్ని ఆవిడ ముప్పై ఏళ్ల క్రితమే బకెట్లో చేశారన్నమాట! పొలంలో ఎలా పనిచేస్తుందో మాకింకా తెలియదు గానీ, స్లైడు మీద మాత్రం ఇదే. వచ్చే నెల మా కార్యక్రమానికి రైతులు వస్తారు. ఆవిడ్ని పిలుద్దామండి. ఈ గోడ మీద ఆవిడ ఫోటో పెడదాం. కింద 'ఒక పొరపాటులోంచి పుట్టిన మందు' అని రాద్దాం. మీరు అడిగి ఒప్పిస్తారా?"

ఒప్పిస్తానన్నాను. నాకు గోడా వద్దు, కార్యక్రమమూ వద్దు. బాలమ్మ ఎదురుగా నిలబడి క్షమించమని అడగడానికి ఇన్నాళ్లకి ఒక నెపం దొరికింది. లింగంపల్లిలో రైలెక్కితే హైటెక్ సిటీ తర్వాత స్టేషనే బోరబండ. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ స్టేషన్ దాటి ఉంటానో. దాటేటప్పుడల్లా కిటికీలోంచి అవతలి వైపు చూసేదాన్ని.

మా పాత డ్రైవరు చెన్నకేశవులుకి ఫోన్ చేస్తే ఇంటి గుర్తులు చెప్పాడు. శనివారం పొద్దున పది గంటలకి బోరబండలో దిగాను. డజను అరటిపళ్లు కొన్నాను, మళ్లీ ఆగి మల్లెపూలు కొన్నాను, ఆమెకి ఇష్టమని. ఆటో వెళ్లని సందు. రెండు ఇళ్ల మధ్య మెట్లెక్కి తలుపు ముందు ఆగాను. ప్రార్థన చేసుకున్నాను. చర్చిలో ఇంత గట్టిగా ఎప్పుడూ చేయలేదు.

తలుపు తీసింది బాలమ్మే. జుట్టు మొత్తం తెల్లబడింది గానీ నిలబడే తీరు మారలేదు.

"ఎవరూ? సుగుణమ్మనా?" అని కళ్లు చికిలించింది. "ఓయమ్మ, ముసల్దానివైనవ్ గదా! రా, లోపటికి రా. గక్కడ్నే నిలబడ్డవేంది?"

మంచం మీద దుప్పటి సర్ది కూర్చోబెట్టింది. ఛాయ్ పెట్టింది. మల్లెపూలు వాసన చూసి, సగం తుంచి నాకే ఇచ్చింది. "గప్పుడు కడుపుల ఉన్న పిల్ల ఏం జేస్తుంది?" అని మొట్టమొదట అడిగింది. జాయ్స్ ఫోటో ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసింది. "మంచిగున్నది. నీ ముక్కే వచ్చింది" అంది.

ఆ ముక్కు మాటకి ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఇక ఆగలేదు. ముప్పై ఏళ్లు మధ్యలో లేనట్టే మాట్లాడుకున్నాం. సారు కూనిరాగం, స్టోర్‌రూంలో పిల్లి, వానొస్తే బస్సు రాక ఒకే గొడుగు కింద జామతోట దాకా నడిచిన సాయంత్రాలు. నా డబ్బాలో చింతచిగురు పప్పు ఉన్న రోజు నాకు రొట్టె, ఆమెకి పప్పు. నా కడుపు పెరుగుతుంటే స్టూలు ఎత్తు చాలడం లేదని రెండు ఇటుకలు తెచ్చి కింద పెట్టింది కూడా ఆమే. అవన్నీ చెబుతుంటే నాకు ఆ రోజులు మళ్లీ కావాలనిపించింది. ఆ ల్యాబ్ నుంచి వచ్చేశాక ఎటూ వెళ్లలేదు నేను, ఊరికే కాలం గడిపాను.

"బాలమ్మా, నేను ఒక పని మీద వచ్చాను" అని మొత్తం చెప్పాను. దేవిశ్రీ సంగతి, కుంకుడు రసం సంగతి, గోడ సంగతి. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆ రోజు బకెట్ తీసుకెళ్లి సారుకి చూపించింది నేను. నీ పని పోయింది నా వల్ల. నీ తరఫున ఒక్క మాట కూడా అనలేదు. నన్ను క్షమించు."

"గదేంది గట్లంటవు? పని పోతే పాయె. తర్వాత దవాఖానల ఆయమ్మగ చేరిన. ఇరవై రెండేండ్లు చేసిన. పిల్లలు సదువుకున్నరు. గిప్పుడు ఏం ఫికర్ లేదు నాకు." నా చెయ్యి వదలకుండానే చెప్పింది. "గోడ మీద ఫోటో అంటే నాకు సిగ్గయితది గని, నువ్వు అడిగినవు గదా, పెట్టుమను."

గుండె మీంచి రాయి దిగినట్టయింది. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే బాగుండేది. కానీ దేవిశ్రీకి చెప్పడానికి ఇంకాస్త వివరం కావాలి కదా అనుకున్నాను. కళ్లు తుడుచుకుని, నవ్వుతూ, "ఇంతకీ నీకు స్లైడ్లు కుంకుడుకాయలతో కడగాలని ఎలా తోచింది బాలమ్మా?" అన్నాను.

బాలమ్మ నా వైపు వింతగా చూసింది.

"నన్నడుగుతున్నవా?"

"నిన్నే."

"ఇంక గూడ నాతోని దాపుడెందుకు సుగుణమ్మా? గిక్కడ మనిద్దరమే ఉన్నం గదా." గొంతులో కోపం లేదు. "గా కాయలు నువ్వు ఇచ్చినయే గదా. మీ అమ్మ నిన్ను చూడొచ్చినప్పుడు సంచెడు తెచ్చింది. సోడా పొడికి నా చేతులు పగిలి నెత్తురొస్తున్నయని, సగం నాకు తెచ్చిచ్చినవు. 'వీటితో కడుగు బాలమ్మా, చేతులు పగలవు, గాజు గూడ మెరుస్తది' అని నువ్వే చెప్పినవు."

ఏదైనా గుర్తొస్తుందేమోనని వెతుక్కున్నాను. సంచి రంగు, ఏ రోజు, ఎక్కడ నిలబడి ఇచ్చాను. ఏమీ రాలేదు. మైలుతుత్తానికి పదకొండు గుర్తుంది, ఇది లేదు. కానీ మా పెరట్లో కుంకుడు చెట్టు ఉండేది. ఆ మార్చిలో అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. వస్తే ఒట్టి చేతులతో వచ్చే మనిషి కాదు. నేను మాత్రం ఆ బకెట్ చూడగానే ఆ కాయలు ఎక్కడివో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పన్నెండు రోజుల భయంలో, దొరికిందన్న సంబరంలో, నా సొంత చేతులతో ఇచ్చినవాటినే సారు ముందు పెట్టాను.

"మరి సారు అడిగితే చెప్పలేదేం?" అన్నాను.

"ఎట్ల చెప్తా? నువ్వు కడుపుతోని ఉన్నవు. నీ నౌకరి కాయితం సారు కాడ ఉన్నది. నీ పేరు జెప్తే ఇద్దరం పోతుంటిమి. నాదొక్కదే పోతే అయిపాయె అనుకున్న." ఛాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "నువ్వు గా బకెట్ సారు ముంగట పెట్టి నా దిక్కు చూసినవు సూడు, గప్పుడే నాకు తెలిసింది. భయపడ్డవు, చెప్పుకోలేక పోతున్నవని. నేను తల వంచుకున్న, నువ్వు ఊకున్నవు. గది మనిద్దరి ముచ్చట. నా కొడుకు రమేష్‌కి గూడ ఇయ్యాల్టి దాంక చెప్పలె. నువ్వు గూడ ఎవరికీ చెప్పి ఉండవు, నాకెరుకే."

ఎవరికీ చెప్పి ఉండను! చర్చిలో, పెళ్లిలో, ఎక్కడ పదిమంది కనబడితే అక్కడ చెప్పాను. స్పోర్లకి తలంటు పోసిన బాలమ్మ అని నవ్వించాను.

"మర్చిపోయాను బాలమ్మా" అని చెబుదామని నోరు తెరిచాను. అదే నిజం. చెబితే నా తప్పు సగానికి సగం తగ్గుతుంది. తెలిసి నోరు మూసుకున్నదాన్ని కాను, తెలియనిదాన్ని అవుతాను. కానీ ఆమె మొహం చూశాక ఆ మాట లోపలే ఆగిపోయింది. ఆమె నాకోసం పని వదులుకుంది. ఆ సంగతి నాకు తెలుసని, ముప్పై ఏళ్లుగా ఇద్దరం దాన్ని గుండెల్లో దాచుకున్నామని నమ్ముతూ బతికింది. నాకు అసలు తెలియనే తెలియదని, ఒక్క రోజు కూడా తలుచుకోలేదని ఇప్పుడు ఎలా చెప్పను? ఒక్కత్తే మోసిందని ఆమెకి ఎలా చెప్పను?

"గా పిల్లకు ఏం జెప్తవు మరి?" అంది బాలమ్మ. "గోడ మీద నా పొరపాటు అని రాస్తరా?"

ఫోన్ తీసి దేవిశ్రీకి చేశాను. బాలమ్మకి కూడా వినబడేలా స్పీకర్ పెట్టాను.

"ఆంటీ! ఒప్పుకున్నారా ఆవిడ?"

"ఒప్పుకుంది. కానీ రాత మార్చాలమ్మాయ్. పొరపాటు బాలమ్మది కాదు, నాది. ఆ కాయలు ఇచ్చింది నేను. వాటితో కడగమని చెప్పింది నేను. నా పేరు బయటపెట్టకుండా తను పని పోగొట్టుకుంది. అలాగే రాయి, నా పేరుతో సహా."

దేవిశ్రీ మెల్లిగా అడిగింది.

"అయ్యో ఆంటీ... అప్పుడు మీకు తెలియదా అండి, ఆ కాయలు మీరిచ్చినవేనని?"

బాలమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"తెలుసమ్మా" అన్నాను. "తెలిసే ఊరుకున్నాను."